శ్రీలంక ఎలా కూలింది, ఆ బరువు ఎవరు మోశారు? తరచుగా అడిగే ప్రశ్నలు

2022 శ్రీలంక అనగానే చాలామందికి గుర్తొచ్చేవి రెండే దృశ్యాలు. అధ్యక్షుడి భవనంలోని ఈత కొలనులో దూకుతున్న కుర్రాళ్లు, పెట్రోలు బంకు ముందు కిలోమీటర్ల కొద్దీ లైను. ఆ రెండింటి వెనక ఏం జరిగిందని అడిగితే మాత్రం ఎవరికి తోచింది వాళ్లు చెబుతారు, ఒకరు చైనా అంటారు, ఒకరు సేంద్రియ వ్యవసాయం అంటారు, ఇంకొకరు కోవిడ్ అని తేల్చేస్తారు. ఎక్కువగా వినిపించే ప్రశ్నలన్నీ తీసుకుని ఒక్కోదానికి సూటిగా జవాబు రాశాను. కొన్ని జవాబులు పొడుగయ్యాయి, అక్కడ చెప్పాల్సింది అంత ఉంది.

దేశం దివాలా తీయడం అంటే ఏంటి? నోట్లు అచ్చేసుకోవచ్చు కదా?

అచ్చేసుకోవచ్చు, అచ్చేశారు కూడా. కానీ అచ్చయ్యేవి లంక రూపాయలు. పెట్రోలు, గ్యాస్, మందులు, గోధుమలు, పాలపొడి అమ్మే బయటి దేశాల వాళ్లకు ఆ రూపాయలు అక్కర్లేదు, డాలర్లు కావాలి. ఆ డాలర్లు రావాలంటే టీ అమ్మాలి, కుట్టిన బట్టలు అమ్మాలి, టూరిస్టులు రావాలి, గల్ఫ్‌లో పనిచేసేవాళ్లు ఇంటికి డబ్బు పంపాలి. ఇవేవీ చాలకపోతే అప్పు తేవాలి. 2019 చివరికి శ్రీలంక దగ్గర సుమారు 760 కోట్ల డాలర్ల నిల్వలున్నాయి. 2022 మే మొదట్లో ఆర్థిక మంత్రి అలీ సాబ్రీ పార్లమెంటులో నిలబడి, వాడుకోవడానికి వీలున్న డాలర్లు 5 కోట్లు కూడా లేవని చెప్పారు. 2 కోట్ల 20 లక్షల మంది ఉన్న దేశం చేతిలో మిగిలింది అంతే.

దానికి కొన్ని వారాల ముందే, ఏప్రిల్ 12న, విదేశీ అప్పుల చెల్లింపు ఆపేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. అప్పటికి విదేశీ అప్పు 5,100 కోట్ల డాలర్ల దాకా ఉంది. 1948లో స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి శ్రీలంక అప్పు కట్టలేక చేతులెత్తేయడం అదే మొదటిసారి.

చైనా అప్పుల ఉచ్చులో పడ్డారంటారు, నిజమేనా?

సగం కూడా నిజం కాదు, కానీ ఈ మాట చాలా తేలిగ్గా అతుక్కుంటుంది. హంబన్‌తోట రేవును చూపించి, 2017లో 99 ఏళ్ల లీజుకు చైనా కంపెనీకి ఇచ్చేశారు చూడండి అంటారు. ఇచ్చింది నిజమే. వచ్చిన 112 కోట్ల డాలర్లతో ఆ రేవు అప్పు తీరిపోయిందనుకుంటారు, అదే పొరపాటు. ఆ డబ్బు విదేశీ నిల్వల్లోకి పోయింది, రేవు అప్పు రేవు అప్పులాగే ఉంది. ఆ జిల్లాలోనే మత్తలలో 2013లో ఒక అంతర్జాతీయ విమానాశ్రయం తెరిచారు, దిగే విమానాలు లేవు. రెండూ దేశాన్ని ఏలిన రాజపక్స అన్నదమ్ముల సొంత జిల్లాలో, వాళ్లలో అన్న మహింద అధ్యక్షుడిగా ఉండగా కట్టినవే, తీర్చగలమా లేదా అన్న లెక్క లేకుండా కట్టినవే. చైనా అప్పుల్లో తప్పు లేదని నేను అనడం లేదు.

కానీ మొత్తం విదేశీ అప్పులో చైనా వాటా లెక్కపెట్టే తీరును బట్టి 10 నుంచి 20 శాతం మధ్యలో ఉంటుంది. అంతకంటే పెద్ద ముక్క, అంటే మూడో వంతుకు పైగా, డాలర్ బాండ్లది, అంటే విదేశీ మార్కెట్లో మదుపరులకు అమ్మే అప్పు పత్రాలది. 2007లో తొలిసారి 50 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు, అంతర్యుద్ధం 2009లో ముగిశాక ఆ అలవాటు పెరిగిపోయింది. ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ), జపాన్ లాంటి వాళ్లిచ్చే అప్పుకు వడ్డీ తక్కువ, తీర్చడానికి దశాబ్దాల గడువు. బాండ్లకు వడ్డీ ఎక్కువ, పైగా గడువు తీరిన రోజున అసలు మొత్తం ఒక్కసారి కట్టాలి. కట్టడానికి డాలర్లు లేవు కాబట్టి కొత్త బాండ్లు అమ్మి పాతవి తీర్చారు, ఏళ్ల తరబడి ఇదే బండి నడిచింది. కొత్త బాండ్లు కొనేవాడు దొరికినంత కాలం ఎవరికీ టెన్షన్ లేదు. కొనేవాడు రావడం మానేసిన రోజు కథ మారిపోయింది, ఆ రోజు రావడానికి కారణం కింది ప్రశ్నలో ఉంది.

పన్నులు తగ్గించడం జనానికి మంచిదే కదా, దాన్నెందుకు తప్పు పడతారు?

ఈ పతనంలో ఒక్క నిర్ణయాన్ని వేలెత్తి చూపమంటే నేను దీన్నే చూపిస్తాను, ఎరువుల నిషేధాన్ని కాదు. 2019 నవంబరులో మహింద తమ్ముడు గోటబయ రాజపక్స అధ్యక్షుడయ్యారు. కొత్త ప్రభుత్వం రాగానే వ్యాట్ 15 శాతం నుంచి 8కి దిగింది. జీతంలో పట్టుకునే పన్ను పోయింది, మరికొన్ని పన్నులు పూర్తిగా రద్దయ్యాయి. ఏడాదికి కోటి 20 లక్షల రూపాయల టర్నోవర్ దాటిన వ్యాపారం వ్యాట్‌లో నమోదు కావాలన్న నిబంధనను ఏకంగా 30 కోట్లకు పెంచారు, అంటే పెద్ద పెద్ద దుకాణాలు కూడా జాబితాలోంచి జారిపోయాయి. దేశ ఆదాయంలో పన్నుల వాటా 12 శాతం దగ్గర ఉండేది, ఒక్క ఏడాదిలో 8 శాతం దగ్గరికి పడిపోయింది. ఆ 12 కూడా ప్రపంచ లెక్కల్లో తక్కువే, గుర్తుంచుకోండి.

మీ ఇంటి ఖర్చు మారలేదు, ఈఎంఐలు మారలేదు, జీతంలో మాత్రం మూడో వంతు మీరే వద్దనుకున్నారు. అలా ఉంది పరిస్థితి. ప్రభుత్వానికి వచ్చే ప్రతి 100 రూపాయల్లో 65, 70 వడ్డీలకే పోయే స్థితి వచ్చింది. ఇది చూసిన, అప్పు తీర్చే స్తోమతను అంచనా వేసే రేటింగ్ సంస్థలు 2020లో వరుసగా రేటింగ్ తగ్గించాయి, బాండ్లు కొనేవాళ్లు వెనక్కి తగ్గారు, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు పుట్టే దారి అక్కడితో మూసుకుపోయింది. లాభం ఎవరికి చేరిందంటే పన్ను కట్టే స్థాయిలో ఉన్నవాళ్లకి. తోటలో టీ ఆకు కోసే మనిషి ఎప్పుడూ ఆదాయపు పన్ను కట్టలేదు, రెండేళ్ల తర్వాత ఆ పన్నులు పోయిన నష్టాన్ని బియ్యం ధరలో కట్టింది మాత్రం ఆమే.

ఈస్టర్ బాంబులు, కోవిడ్ రాకపోతే బయటపడేవాళ్లేమో?

ఇంకొన్నాళ్లు లాగేవాళ్లు. 2019 ఏప్రిల్ 21న కొలంబో, నెగొంబో, బట్టికలోవాల్లో చర్చిలు, హోటళ్ల మీద ఆత్మాహుతి దాడులు జరిగి 260 మందికి పైగా చనిపోయారు. 2018లో 23 లక్షల మంది విదేశీ టూరిస్టులు వచ్చిన దేశానికి అది పెద్ద దెబ్బ. తేరుకునేలోపు గోరుచుట్టు మీద రోకటిపోటులా కోవిడ్ వచ్చిపడింది, 2021లో మొత్తం ఏడాదికి వచ్చిన టూరిస్టులు 2 లక్షల లోపే. అయితే కోవిడ్ ప్రతి దేశానికీ వచ్చింది, టూరిజం మీద బతికే దేశాలు చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం మందుల్లేక ఆపరేషన్లు ఆపే దాకా వెళ్లలేదు.

ఎరువులు నిషేధించడం వల్లే ఇదంతా జరిగిందా?

ఇదంతా దానివల్లే జరగలేదు, కానీ అన్నం దగ్గర దెబ్బ కొట్టింది అదే. 2021 ఏప్రిల్ చివర్లో రసాయన ఎరువులు, పురుగుమందుల దిగుమతి మీద నిషేధం ప్రకటించారు, మే మొదట్లో ఉత్తర్వులు వచ్చాయి. నేల ఆరోగ్యం, రైతుల కిడ్నీ జబ్బుల గురించి మాట్లాడారు, అవి నిజమైన సమస్యలే. అసలు సంగతి ఏంటంటే ఎరువుల దిగుమతికి ఏటా సుమారు 40 కోట్ల డాలర్లు పోతున్నాయి, ఆ డాలర్లు మిగల్చాలి. సేంద్రియానికి మారాలంటే నేలకు ఏళ్లు పడుతుంది, కంపోస్టు కావాలి, నేర్పే మనిషి కావాలి. ఇవేవీ లేకుండా దేశం మొత్తాన్ని ఒక్క సీజన్‌లో మార్చాలనుకున్నారు.

అనురాధపుర, పొలొన్నరువ వైపు వరి రైతులకు చెరువు కింద నీళ్లున్నాయి, విత్తనం ఉంది, చల్లడానికి యూరియా లేదు. నారు పచ్చబడాల్సిన టైములో పసుపు రంగులోనే ఉండిపోయింది. రైతులు రోడ్డెక్కి మంత్రుల దిష్టిబొమ్మలు తగలబెట్టారు. టీ తోటల్లోనూ దిగుబడి పడిపోయింది, ఏడాదికి 130 కోట్ల డాలర్ల దాకా తెచ్చిపెట్టే పంట అది. 2021 నవంబరులో నిషేధం ఎత్తేశారు గానీ అప్పటికి పెద్ద పంట అయిన 'మహా' సీజన్ మొదలైపోయింది, ఎరువుల ధరలు కూడా అందకుండా పోయాయి. అన్నానికి లోటు లేకుండా పండించుకునే దేశం బియ్యం దిగుమతి చేసుకుంది, మిగలాల్సిన డాలర్లు అలా బియ్యం మీద పోయాయి.

రూపాయి విలువ పడిపోకుండా పట్టి ఉంచడం మంచి పనే అనిపిస్తుంది కదా?

దాన్ని పట్టి ఉంచడానికి డాలర్లు కావాలి, ఉన్న కొద్ది డాలర్లు అలా కూడా కరిగిపోయాయి. 2021లో చాలా నెలలు డాలర్‌కు 200 రూపాయల దగ్గర సెంట్రల్ బ్యాంకు రేటు బిగించింది. బయట మార్కెట్లో 240, 250 పలుకుతోంది. ఇప్పుడు దుబాయ్‌లో ఇళ్లలో పనిచేసే ఒకావిడను ఊహించుకోండి, బ్యాంకు ద్వారా పంపితే డాలర్‌కు 200, 'ఉండియల్' మనిషికి ఇస్తే 240. ఉండియల్ అంటే మన హుండీ లాంటిదే. ఇంట్లో పిల్లల కోసం పంపుకునే డబ్బు, ఆవిడ ఏం చేస్తుంది? 2020లో 710 కోట్ల డాలర్లు అధికారికంగా ఇంటికి చేరితే, 2021లో 550 కోట్లకు, 2022లో 380 కోట్లకు దిగాయి. అందులో ఆమె తప్పు నాకు కనపడదు.

2022 మార్చిలో రేటు వదిలేశారు. కొద్ది వారాల్లో 300 దాటింది, మే నాటికి 360 దాకా వెళ్లింది. నెలకు 60,000 రూపాయల జీతం అంటే పాత రేటులో 300 డాలర్లు, కొత్త రేటులో 167. ఆ మనిషి అదే కుర్చీలో కూర్చుని అదే పని చేస్తున్నాడు, జీతం కాగితం మీద అంకె మారలేదు.

ఐఎంఎఫ్ దగ్గరికి ముందే ఎందుకు వెళ్లలేదు?

ఐఎంఎఫ్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి, కష్టాల్లో పడ్డ దేశాలకు షరతులు పెట్టి అప్పిచ్చే సంస్థ. అక్కడికి వెళ్లమని 2020 నుంచి ఆర్థికవేత్తలు మొత్తుకుంటూనే ఉన్నారు. ప్రభుత్వం, 2021 సెప్టెంబరులో సెంట్రల్ బ్యాంకు గవర్నర్ అయిన అజిత్ నివార్డ్ కబ్రాల్ సొంతంగా గట్టెక్కుతామన్నారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది 2022 జనవరి 18 నాటి సంగతి. ఆ రోజు గడువు తీరిన 50 కోట్ల డాలర్ల బాండ్ల డబ్బు మొత్తం కట్టేశారు. కట్టొద్దు, ఆ డబ్బు ఆహారానికి, మందులకు ఉంచండి, అప్పులిచ్చినవాళ్లతో ఇప్పుడే మాట్లాడండి అని చెప్పినవాళ్లున్నారు, వినలేదు. రెండు నెలలు తిరిగేసరికి గ్యాస్ ఓడలు కొలంబో దగ్గర సముద్రంలో లంగరేసుకుని నిలబడ్డాయి, డబ్బు చేతిలో పడితేనే సరుకు దించుతామని. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు వెళ్లారు ఐఎంఎఫ్ దగ్గరికి.

క్యూలలో నిజంగా మనుషులు చనిపోయారా?

చనిపోయారు. 2022 మార్చిలో ఒకే వారాంతంలో 70ల వయసులో ఉన్న ఇద్దరు మగవాళ్లు వేర్వేరు చోట్ల ఇంధనం కోసం ఎండలో నిలబడి కుప్పకూలిపోయారు. జులై నాటికి ఇలాంటి మరణాలు డజను దాటాయి. ఎండ, అలసట, గుండె జబ్బు, రోజుల తరబడి నిద్ర లేకపోవడం. ఏప్రిల్ 19న రంబుక్కనలో ఇంధనం కోసం రోడ్డు మీద కూర్చున్నవాళ్ల మీద పోలీసులు కాల్పులు జరిపితే ఒక మనిషి పోయాడు.

సింహళంలో క్యూను 'పోలిమ' అంటారు, ఆ ఏడాది ఆ దేశం మొత్తం పోలిమలోనే బతికింది. గ్యాస్ కోసం వచ్చినవాళ్లు ఖాళీ సిలిండర్లను వరుసగా పెట్టి, ఎవరూ ఎత్తుకెళ్లకుండా గొలుసుతో ఒకదానికొకటి కట్టి, పక్కన కూర్చునేవాళ్లు. రాత్రి ఇంట్లోంచి ఒకరు, పొద్దున ఇంకొకరు వంతులు. త్రీవీలర్ నడిపేవాళ్లు బండిలోనే పడుకునేవాళ్లు, రెండు రోజులు లైనులో ఉంటే దొరికిన పెట్రోలుతో ఒక రోజు కిరాయి తిప్పేది, మళ్లీ వచ్చి లైను చివర నిలబడేది. దొరికినా రేటు చూడండి, 2021 డిసెంబరు చివర్లో లీటరు పెట్రోలు 177 రూపాయలు, 2022 జూన్ చివరికి 470. డీజిల్ 121 నుంచి 460కి వెళ్లింది. కిరసనాయిలు లేక జాలర్ల పడవలు ఒడ్డునే ఉండిపోయాయి, చుట్టూ సముద్రం ఉన్న దేశంలో చేపలు కొనలేనంత పిరమైపోయాయి.

మార్చి చివర్లో రోజుకు 13 గంటల దాకా కరెంటు కోత. జూన్ చివర్లో అత్యవసర సేవలకు తప్ప ఇంకెవరికీ రెండు వారాల పాటు ఇంధనం అమ్మేది లేదని ప్రకటించారు. జులైలో క్యూఆర్ కోడ్‌తో ఇంధన పాస్ తెచ్చారు, మొదట్లో వారానికి మోటార్‌సైకిల్‌కు 4 లీటర్లు, త్రీవీలర్‌కు 5, కారుకు 20. ఆ పాస్ వచ్చాక క్యూలు నెమ్మదిగా తగ్గాయి, ఇది మాత్రం బాగా చేశారు. ముందే చేసి ఉంటే కొందరు బతికి ఉండేవాళ్లు.

ఆస్పత్రుల పరిస్థితి ఏంటి?

శ్రీలంకలో ప్రభుత్వ వైద్యం ఉచితం, అది కూడా మంచి పేరున్న వైద్యం. పేదరికం ఉన్నా ఆయుష్షులో, ప్రసవ మరణాలు తగ్గించడంలో దక్షిణాసియాకే ముందు వరసలో ఉన్న దేశం. కానీ మందుల్లో 80 శాతానికి పైగా బయటి నుంచే రావాలి. డాలర్లు అయిపోగానే మత్తుమందు, కుట్లు వేసే దారం, క్యాన్సర్ మందులు ఒక్కొక్కటిగా అయిపోవడం మొదలైంది. 2022 మార్చి చివర్లో పెరదెనియ ఆస్పత్రిలో అత్యవసరం కాని ఆపరేషన్లు నిలిపేశారు. ఏప్రిల్‌లో నవజాత శిశువుల డాక్టర్లు ఒక హెచ్చరిక చేశారు, పసిపిల్లలకు ఊపిరి అందించడానికి గొంతులోకి వేసే గొట్టాలు అయిపోవస్తున్నాయి, వాడినవాటిని పారేయకండి, కడిగి స్టెరిలైజ్ చేసి దాచండి, మళ్లీ వాడాల్సి రావచ్చు అని. ఒకసారి వాడి పారేయాల్సిన గొట్టం అది, చిటికెన వేలి కంటే సన్నగా ఉంటుంది. బాండ్ల గురించి, రేటింగుల గురించి ఎంత చదివినా నాకు ఈ గొట్టమే గుర్తుంటుంది.

పిల్లల చదువులు, తిండి?

పరీక్ష కాగితాలు కొనడానికి, సిరా కొనడానికి డాలర్లు లేక 2022 మార్చిలో పశ్చిమ రాష్ట్రంలో స్కూలు పరీక్షలు వాయిదా వేశారు. కోవిడ్‌తో అప్పటికే చదువులు పోయిన పిల్లలు, జూన్, జులైల్లో ఇంధనం లేక మళ్లీ ఇళ్లలో కూర్చున్నారు.

తిండి సంగతి ఇంకా దారుణం. 2022 సెప్టెంబరులో కొలంబో ధరల సూచీ ప్రకారం ఆహార ధరల పెరుగుదల 94.9 శాతం, అంటే ఏడాది ముందు 100 రూపాయలకు వచ్చింది 195 అయింది. ఆ నెలల్లో సుమారు 63 లక్షల మందికి కడుపు నింపుకోవడం గ్యారంటీ లేని పరిస్థితి ఉందని ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్కగట్టాయి. ముందు పాలపొడి పోయింది, అక్కడ పాల టీ అంటే పాలపొడితో కలిపేదే, హోటళ్లలో పాల టీ ఆపేసి ప్లెయిన్ టీ ఒక్కటే ఇచ్చారు. తర్వాత గుడ్డు, చేప, పప్పు. ఆ తర్వాత ఒక పూట. ఆ పూట మానేసేది ముందు ఎవరో చెప్పక్కర్లేదు, ఏ ఇంట్లోనైనా అమ్మే.

అందరూ ఒకేలా నష్టపోయారా?

లేదు. డాలర్లలో సంపాదన ఉన్నవాళ్లు, ఆస్తులు బయట దాచుకున్నవాళ్లు రూపాయి పడిపోతే లాభపడ్డారు కూడా. కొలంబోలో మధ్యతరగతి వాళ్లకు జీవితంలో మొదటిసారి లైనులో నిలబడటం తెలిసింది, వాళ్లు గట్టిగా మాట్లాడారు కాబట్టి ప్రపంచం విన్నది. నువరఎళియ, బదుళ్ల కొండల్లో టీ తోటల తమిళుల దెబ్బ అంతగా వినపడలేదు. దాదాపు రెండు వందల ఏళ్లుగా అక్కడ పనిచేస్తున్న కుటుంబాలు, చాలామంది ఇప్పటికీ బ్రిటిష్ కాలం నాటి లైన్ గదుల్లోనే, అంటే వరుసగా కట్టిన ఇరుకు గదుల్లోనే ఉంటారు. రోజు కూలి 1,000 రూపాయలు కావాలని ఏళ్ల తరబడి పోరాడి 2021లో సాధించుకున్నారు, ఏడాది తిరిగేసరికి ఆ వెయ్యికి సగం సరుకులు కూడా రాలేదు. ఆకలి సర్వేల్లో అన్నిటికంటే అడుగున ఉన్నది ఆ తోటలే. ఉత్తరాన యుద్ధంలో అప్పటికే ఒకసారి సర్వం పోగొట్టుకున్నవాళ్లున్నారు, వాళ్లకిది రెండోసారి.

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2021లో 13 శాతం ఉన్న పేదరికం 2022లో 25 శాతం అయింది. ఒక్క ఏడాదిలో రెట్టింపు.

జనం తిరగబడ్డారు కదా, అది ఎలా జరిగింది?

మార్చి 31 రాత్రి, 13 గంటల కోతల మధ్య, మిరిహానలో గోటబయ ఇంటి ముందు జనం గుమిగూడారు. పిలిచిన పార్టీ లేదు, నాయకుడు లేడు. ఏప్రిల్ 9 నుంచి కొలంబోలో సముద్రం ఒడ్డున గాల్ ఫేస్ మైదానంలో గుడారాలు వేసుకుని కూర్చున్నారు, ఆ చోటికి 'గోటగోగమ' అని పేరు పెట్టారు, గమ అంటే సింహళంలో ఊరు, 'గోట, వెళ్లిపో' అనే ఊరన్నమాట. ఊరిలాగే నడిచింది, వంటశాల, లైబ్రరీ, వైద్య శిబిరం అన్నీ ఉన్నాయి. ఈ ఉద్యమం పేరు 'అరగలయ', పోరాటం అని అర్థం. బౌద్ధ భిక్షువులు, క్రైస్తవ నన్లు, ముస్లింలు, తమిళులు అక్కడ ఒకే చోట కనిపించారు, ఆ దేశ చరిత్ర తెలిసినవాళ్లకు అది చిన్న విషయం కాదు.

మే 9న ప్రధాని మహింద మద్దతుదారులు కర్రలతో వచ్చి ఆ గుడారాల మీద పడ్డారు. ఆ రోజే మహింద రాజీనామా చేశారు, ఆ రాత్రి దేశమంతటా ఎంపీల ఇళ్లు తగలబడ్డాయి, ఒక ఎంపీ సహా కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు, ఆ హింసను సమర్థించలేను. జులై 9న లక్షల మంది కొలంబో చేరి అధ్యక్ష భవనంలోకి వెళ్లారు. లోపల దొరికిన సుమారు కోటి 78 లక్షల రూపాయల నోట్ల కట్టలను లెక్కపెట్టి పోలీసులకు అప్పగించారు. టీవీలు ఈత కొలను చూపించినంతగా దీన్ని చూపించలేదు. జులై 13న గోటబయ మాల్దీవులకు, అక్కడి నుంచి సింగపూర్‌కు వెళ్లి అక్కడి నుంచే రాజీనామా పంపారు. 20న పార్లమెంటు, మహింద తర్వాత ప్రధాని అయిన రణిల్ విక్రమసింఘేను అధ్యక్షుడిగా ఎన్నుకుంది, రెండు రోజుల్లోనే సైన్యం గాల్ ఫేస్ గుడారాలు పీకేసింది.

ఎంతమంది దేశం వదిలారు?

ఒక్క 2022లోనే 3 లక్షల మందికి పైగా ఉద్యోగాల కోసం వెళ్లారు. నర్సులు, డాక్టర్లు, ఇంజినీర్లు, ఇళ్లలో పనిచేయడానికి వెళ్లిన ఆడవాళ్లు. ప్రభుత్వమే తన ఉద్యోగులకు జీతం లేని ఐదేళ్ల సెలవు ఇచ్చి వెళ్లి డాలర్లు పంపమంది. డబ్బు లేనివాళ్లు పడవ ఎక్కారు, మార్చి 22న జాఫ్నా, మన్నార్ ప్రాంతాల నుంచి 16 మంది తమిళులు రామేశ్వరం వైపు తీరానికి చేరారు, వాళ్లలో పసిపిల్లలున్నారు. యుద్ధం లేదు, తరిమినవాడు లేడు, బియ్యం కొనలేక వచ్చామన్నారు. వాళ్లను మండపం శరణార్థి శిబిరానికి పంపారు, ఆ తర్వాత ఇంకా చాలామంది వచ్చారు.

భారత్ ఏం చేసింది?

ఆ ఏడాది అందరికంటే ముందు, అందరికంటే ఎక్కువగా ఆదుకున్నది భారతే. ఇంధనం, ఆహారం, మందుల కోసం అప్పులు, కరెన్సీ మార్పిడి, చెల్లింపుల వాయిదాలు అన్నీ కలిపితే సుమారు 400 కోట్ల డాలర్లు. తమిళనాడు ప్రభుత్వం విడిగా బియ్యం, పాలపొడి, మందులు పంపింది. ఇందులో ఎక్కువ భాగం అప్పే, దానం కాదు, కానీ ఇంకెవరూ అప్పు ఇవ్వని టైములో ఇచ్చిన అప్పు.

ఇప్పుడు ద్రవ్యోల్బణం తగ్గింది కదా, ధరలు మామూలైనట్టేనా?

ఈ ప్రశ్న దగ్గరే చాలామంది పొరబడతారు. 2022 సెప్టెంబరులో ద్రవ్యోల్బణం 69.8 శాతం, 2023 సెప్టెంబరులో 1.3 శాతం. వినడానికి అద్భుతంగా ఉంది. అర్థం ఏంటంటే 100 రూపాయల సరుకు 170 అయింది, తర్వాతి ఏడాది 172 అయింది, మళ్లీ 100కి ఎప్పుడూ రాలేదు. జీతాలు ఆ 172ను అందుకోలేదు.

కరెంటు చార్జీలు సగటున 2022 ఆగస్టులో 75 శాతం, 2023 ఫిబ్రవరిలో మళ్లీ 66 శాతం పెంచారు, 100 రూపాయల బిల్లు 290 అయిందన్నమాట. మొదటి పెంపులో శాతం లెక్కన ఎక్కువ దెబ్బ తగిలింది తక్కువ యూనిట్లు వాడే ఇళ్లకే. ఐఎంఎఫ్ 2023 మార్చి 20న సుమారు 300 కోట్ల డాలర్ల ప్యాకేజీకి ఒప్పుకుంది, ఆ దేశానికి అది 17వది. దానితోపాటు షరతులు వచ్చాయి, ఆదాయపు పన్ను పై శ్లాబు 36 శాతానికి, వ్యాట్ 2024 జనవరిలో 18 శాతానికి చేరింది. 2019లో 15 శాతం భారమని తగ్గించిన వ్యాట్ అది.

అప్పులిచ్చినవాళ్లు కొంత వదులుకున్నారా?

వదులుకున్నారు, చాలా బేరాల తర్వాత. 2024 జూన్‌లో భారత్, జపాన్, ఫ్రాన్స్ ముందుండి నడిపిన కమిటీతోనూ, చైనాతోనూ ఒప్పందాలు కుదిరాయి. డాలర్ బాండ్లున్నవాళ్లు 2024 డిసెంబరుకు పాత బాండ్లు ఇచ్చి కొత్తవి తీసుకున్నారు, అసలులో 27 శాతం కోత, కానీ ఆర్థిక వ్యవస్థ బాగా పుంజుకుంటే వాళ్లకు ఎక్కువ కట్టే ఏర్పాటు కూడా అందులోనే ఉంది.

దేశం లోపలి అప్పు సంగతి ఇంత వివరంగా ఎవరూ మాట్లాడరు. 2023లో దాన్ని సర్దుబాటు చేసినప్పుడు బ్యాంకులకు మినహాయింపు ఇచ్చారు, బ్యాంకులు కూలితే డిపాజిట్లు పోతాయని, ఆ వాదనలో కొంత న్యాయం ఉంది. భారం ఎక్కువగా వేసింది పింఛను నిధుల మీద, ముఖ్యంగా ఈపీఎఫ్ మీద. బట్టలు కుట్టే ఫ్యాక్టరీల్లో ఆడపిల్లలు, దుకాణాల్లో గుమాస్తాలు, తోటల్లో కూలీలు నెలనెలా జీతంలోంచి కట్టించుకున్న డబ్బు అది. ఆ నిధి దగ్గరున్న ప్రభుత్వ బాండ్లకు బదులు తక్కువ వడ్డీ ఉన్న కొత్త బాండ్లు అంటగట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత రిటైరయ్యే మనిషికి చేతికి తక్కువ వస్తుంది, ఎందుకు తక్కువ వచ్చిందో అప్పటికి ఎవరూ చెప్పరు.

కారకులకు శిక్ష పడిందా?

2023 నవంబరు 14న శ్రీలంక సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. గోటబయ, మహింద, వాళ్ల తమ్ముడు, ఆర్థిక మంత్రిగా చేసిన బాసిల్ రాజపక్స, ఇద్దరు మాజీ సెంట్రల్ బ్యాంకు గవర్నర్లు, మరికొందరు ఉన్నతాధికారులు ప్రజల నమ్మకాన్ని వమ్ము చేశారని, సంక్షోభానికి వాళ్ల చర్యలు కారణమని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు. పన్ను కోత, ఐఎంఎఫ్ దగ్గరికి వెళ్లడంలో జాప్యం, రూపాయిని పట్టి ఉంచడం, జనవరి 18న కట్టిన ఆ 50 కోట్ల డాలర్లు, ఇవన్నీ తీర్పులో ఉన్నాయి. పిటిషన్ వేసినవాళ్లు నష్టపరిహారం అడగలేదు, నిజం తేల్చమని మాత్రమే అడిగారు. అందుకని ఎవరికీ జైలు లేదు, జరిమానా లేదు. కోర్టు ఖర్చుల కింద పిటిషన్ వేసినవాళ్లకు 1,50,000 రూపాయలు ఇమ్మని ఆదేశించారు.